ఐదు కప్పుల గ్రీన్ టీ: ఒక వాక్యముపై విమర్శ

శంషాబాదులో తెల్లవారకముందే టీ మరుగుట ప్రారంభమగును. విమానాశ్రయమున రాత్రి ప్రయాణీకులను దింపి వచ్చిన టాక్సీ డ్రైవర్లు, పగటి పనికి పోవు కూలీలు, పాలమాకుల వైపునుండి కూరగాయలు తెచ్చు రైతులు రహదారి ప్రక్కనున్న హోటళ్లలో నిలుచుండియే ఇరానీ చాయ్ త్రాగుదురు. 2008 మార్చిలో విమానాశ్రయము ఇక్కడ ప్రారంభమైన పిమ్మట, క్రమక్రమముగ మరియొక టీ కూడ ఈ ప్రాంతమునకు అలవాటైనది. దానిలో పాలు లేవు, చక్కెర లేదు. రంగు లేత పసుపు, రుచి వగరు. దారమునకు వ్రేలాడు చిన్న సంచిని వేడినీటిలో ముంచి తీసినచో తయారగును. నేను డిగ్రీ చదువు రోజులలో గ్రీన్ టీ అను మాట వినినవారు అరుదు. నేడు మా స్టాఫ్ రూములోనే నలుగురు దానిని త్రాగుచున్నారు.

మొక్క మాత్రము ఒకటే. ఇరానీ చాయ్ పొడియు, గ్రీన్ టీ ఆకును ఒకే జాతి తేయాకు చెట్టునుండి వచ్చును. కోసిన ఆకును నలిపి గాలికి ఉంచినచో దానిలోని ఒక ఎంజైము ఆకులోని కాటెచిన్లు అను పదార్థములను ఆక్సీకరించును. కోసిన వంకాయ ముక్క నల్లబడుట వంటిదే ఇది. ఆకు కోసిన వెంటనే ఆవిరిపట్టియో, బాణలిలో వేయించియో ఆ ఎంజైమును చంపినచో కాటెచిన్లు చాల భాగము అట్లే నిలుచును. అదే గ్రీన్ టీ. కాటెచిన్లలో మిక్కిలి ముఖ్యమైనది ఎపిగాలోకాటెచిన్ గాలేటు. పేరు నోరు తిరుగనిది గనుక శాస్త్రజ్ఞులు దానిని ఇ.జి.సి.జి. అని పొట్టిగ పిలుతురు. మనమును అట్లే పిలుతము.

ఈ వ్యాసమునకు కారణము ఒక కరపత్రము. ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరము చదువు విద్యార్థి ఒకడు దానిని నాకు తెచ్చి చూపినాడు. అతని తండ్రి విమానాశ్రయము వద్ద టాక్సీ నడుపును. నాయనమ్మకు రక్తమునకు సంబంధించిన కాన్సరు వచ్చినది. వారమునకొకసారి నగరమునకు పోయి ఇంజక్షను వేయించుకొని వచ్చుచున్నది. ఆమె క్షేమము కోరి ఒక బంధువు గ్రీన్ టీ పెట్టె తెచ్చి ఇచ్చినాడు. కరపత్రము ఆ పెట్టెతో వచ్చినదే. ఏ కంపెనీది, ఏ అంగడిది అన్నది మన విచారణకు అనవసరము. అందలి ముఖ్యమైన మాట ఒక్కటే: రోజునకు ఐదు కప్పుల గ్రీన్ టీ త్రాగినచో బ్లడ్ కాన్సరు 42 శాతము తగ్గునని జపాను శాస్త్రజ్ఞులు ఋజువు చేసినారట.

"సార్, ఐదు కప్పులు తాగుడు కష్టమంటున్నది మా నాయనమ్మ. మూడు తాగితే సరిపోతదా?" ఇది అతని ప్రశ్న.

నేను గంట మ్రోగిన తొందరలో ఉంటిని. "త్రాగనీ, నష్టమేమున్నది? ఆకు నీళ్లే గదా!" అని తరగతికి పోతిని. ఆ జవాబు తప్పు. ఎంత తప్పో తెలియుటకు నాకు రెండు రాత్రుల చదువు పట్టినది. కరపత్రములోని వాక్యమును ఇక్కడ పరిశీలించుటలో నా జవాబును దిద్దుకొనుట కూడ ఒక ఉద్దేశము.

మొదట న్యాయముగ ఒక మాట చెప్పవలెను. కరపత్రము వ్రాసినవాడు 42 శాతమును గాలిలోనుండి పట్టలేదు. జపాను దేశపు ఈశాన్య భాగమున మియాగి అను రాష్ట్రము కలదు. అందు ఒసాకి అను ప్రాంతమున్నది. పేరు మోసిన ఒసాకా నగరము వేరు, ఇది వేరు. అక్కడ 1994 లో తొహోకు విశ్వవిద్యాలయపు పరిశోధకులు 40 నుండి 79 సంవత్సరముల వయస్సు గలవారికి ప్రశ్నపత్రములు ఇచ్చి, ఏమి తినుచున్నారు, ఏమి త్రాగుచున్నారు, పొగ త్రాగుదురా మొదలగు సంగతులు వ్రాయించుకొన్నారు. అప్పటికి కాన్సరు లేని 41,761 మందిని తొమ్మిది సంవత్సరములు గమనించినారు. ఆ కాలములో 157 మందికి రక్తసంబంధమైన కాన్సరులు వచ్చినవి. రోజునకు ఒక కప్పుకంటె తక్కువ త్రాగువారి అపాయమును 1 అనుకొన్నచో, ఐదు కప్పులు లేక అంతకు మించి త్రాగువారి అపాయము 0.58 గా తేలినది. 1 నుండి 0.58 తీసివేయగా 0.42. కరపత్రపు 42 శాతము ఇదియే. ఈ పరిశోధన 2009 లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీలో వెలువడినది. శ్రద్ధతో చేసిన పని. వయస్సు, పొగాకు, మద్యము మొదలగు వాని ప్రభావమును లెక్కలో సవరించినారు కూడ. నా తగవు పరిశోధనతో కాదు, దానిని వాక్యముగ మార్చిన తీరుతో.

అన్నిటికంటె ముందు "తగ్గును" అను క్రియను చూడుడు. ఒసాకిలో కనబడినది "తక్కువగ నుండెను" అను సంగతి. ఎక్కువ టీ త్రాగువారిలో వ్యాధి తక్కువగ నుండెను. దీనినుండి "టీ తగ్గించెను" అనుటకు ఒక మెట్టు ఎక్కవలెను. "మీరు త్రాగినచో మీకు తగ్గును" అనుటకు మరియొక మెట్టు ఎక్కవలెను. కరపత్రము ఈ రెండు మెట్లను ఒక్క గంతులో దాటినది. తెలుగు వ్యాకరణములో ఇవి మూడు వేరు వేరు వాక్యములు, తర్కములోను అంతే.

ఈ భేదమును శంషాబాదులోనే చూడవచ్చును. ఇక్కడ గ్రీన్ టీ త్రాగువారెవరు? తెల్లవారి నడకకు పోవువారు, ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించుకొనువారు, చక్కెర మానినవారు, బీడీ ముట్టనివారు, మాసమునకు సరిపడు జీతము వచ్చువారు. ఇరానీ చాయ్ తో బాటు సిగరెట్టు వెలిగించువారెవరో హోటలు ముందు నిలిచి చూచిన తెలియును. ఈ రెండు గుంపులను పదేండ్లు గమనించి, మొదటి గుంపులో జబ్బులు తక్కువని తేలినచో, పుణ్యము సంచిలోని ఆకుకు కట్టబెట్టవచ్చునా? జపానులో పరిస్థితి ఇట్లే ఉన్నదని నేను అనను. అక్కడ గ్రీన్ టీ పల్లెటూరి రైతు త్రాగు నిత్యపానీయము. అయినను ఐదు కప్పులవాడు ఒక కప్పువానితో అన్నిట సమానుడు కానేరడు. లెక్కలో సవరించుటకు ఆ సంగతి ప్రశ్నపత్రములో ఉండవలెను. అడుగని ప్రశ్నను ఏ గణితమును సవరింపజాలదు. ఇక టీ విషయము అడిగినది 1994 లో. తొమ్మిదేండ్లలో అలవాటు మారినవారెందరో ఎవరికెరుక?

ఇదే ఒసాకి ప్రజల గురించి 2006 లో మరియొక పత్రము వెలువడినది. 40,530 మంది లెక్క అది. గ్రీన్ టీ ఎక్కువ త్రాగువారిలో గుండె, రక్తనాళముల వ్యాధులతో మరణములు తక్కువగ నుండెనని దానిలో తేలినది. కాని కాన్సరు మరణములలో భేదము కనబడలేదు. అంతకు ముందు 2001 లో, అదే మియాగి రాష్ట్రమున 26,311 మందిని పరిశీలించి, గ్రీన్ టీకి కడుపు కాన్సరుకు సంబంధము కానరాలేదని ప్రకటించినారు. కరపత్రమున ఈ రెండింటి ప్రసక్తి లేదు. ఒకే చెట్టున మూడు కాయలుండగా తియ్యనిదానిని మాత్రము కోసి బుట్టలో పెట్టినట్లున్నది.

ఇక కప్పు. ఒసాకి ప్రాంతమున కప్పు అనగా 100 మిల్లీలీటర్లు. ఐదు కప్పులు అనగా అరలీటరు. మా విద్యార్థి ఇంట నాయనమ్మకు టీ పోయుచున్నది స్టీలు గ్లాసుతో. మూడు గ్లాసులు త్రాగిననే ఆమె జపాను లెక్కను దాటిపోయినది. పాపము, ఐదు పూర్తి చేయలేకపోతినే అని దిగులుపడుచుండెను! కొలత చెప్పని సంఖ్య ఎంత పని చేయునో చూడుడు. ప్రయోగశాలలో "రెండు గ్లాసుల ఆమ్లము పోయితిని" అని వ్రాసిన విద్యార్థికి మనము మార్కులు వేయుదుమా?

"బ్లడ్ కాన్సరు" అను మాటను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. లోకవాడుకలో ఇది ఒక వ్యాధి పేరు. వైద్యమున ఇది అనేక వ్యాధుల గుంపు. ఎముకల మూలుగలో పుట్టు రక్తకణములకు స్థూలముగ రెండు వంశములున్నవి. లింఫ్ కణముల వంశము ఒకటి. లింఫోమాలు, మల్టిపుల్ మైలోమా, కొన్ని ల్యుకీమియాలు ఈ వంశపు వ్యాధులు. రెండవది మయిలాయిడ్ వంశము; పెద్దలకు వచ్చు తీవ్ర ల్యుకీమియాలలో అధికభాగము దీనిలోనివి. ఒసాకిలో వ్యాధి వచ్చిన 157 మందిలో లింఫ్ వంశపువారు 119, మయిలాయిడ్ వంశపువారు 36. కూడి చూచిన విద్యార్థి రెండు తక్కువ వచ్చినవనును. ఆ రెండును ఈ వంశములలో దేనిలోను చేరనివి. లింఫ్ వంశమునకు నిష్పత్తి 0.52. మయిలాయిడ్ వంశమునకు 0.76, కాని దాని హద్దులు 0.32 నుండి 1.78 వరకు ఉన్నవి.

ఈ హద్దులనగా ఏమి? ఒక నాణెమును పదిసార్లు ఎగురవేసి ఆరుసార్లు బొమ్మ పడినచో నాణెము వంకరదని ఎవరును అనరు. వేయిసార్లలో ఆరునూర్లు పడినచో అనుమానించెదరు. కొద్ది సంఖ్యలనుండి తీసిన నిష్పత్తి కూడ ఇట్లే ఊగిసలాడును. ఆ ఊగిసలాటకు గణితము హద్దులు కట్టును. ఆ హద్దుల నడుమ 1 ఉన్నచో, అపాయము తగ్గినదో, పెరిగినదో, మారలేదో ఆ లెక్క చెప్పజాలదు. మయిలాయిడ్ ల్యుకీమియాల విషయమున ఒసాకి చెప్పినది అంతే: తెలియదు. మొత్తము నిష్పత్తికి హద్దులు 0.37 నుండి 0.89, ఇది 1 కి ఈవలనే ఉన్నది గనుక లెక్కకు నిలిచినది. కాని 42 శాతము అని గీటు గీసినట్లు చెప్పుటకు వీలు లేదు. 11 కావచ్చును, 63 కావచ్చును. ఇంకొకటి. లింఫ్ వంశపు వ్యాధులలో ఏ రకము ఎంత అన్నది దేశదేశమునకు మారును. పాశ్చాత్య దేశములలో సాధారణమైన దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకీమియా జపానులో అరుదు. అక్కడి గుంపునకు వచ్చిన నిష్పత్తిని తెచ్చి మన గుంపునకు అంటించుట సులభము కాదు.

శాతము కూడ కన్ను కట్టును. 41,761 మందిలో 157 అనగా తొమ్మిదేండ్లలో పదివేలకు సుమారు 38 మంది. లెక్క సులువగుటకు, టీ తక్కువ త్రాగువారిలో పదివేలకు 50 మందికి వ్యాధి వచ్చెననుకొందము. 0.58 చేత గుణించిన 29. భేదము 21. టీయే కారణమని పూర్తిగ ఒప్పుకొన్నను, పదివేలమంది తొమ్మిదేండ్లు రోజునకు ఐదేసి కప్పులు త్రాగగా 21 మంది తప్పించుకొందురన్నమాట. 42 శాతమునకు, పదివేలలో 21 కి గణితమున విరోధము లేదు. చదువరి మనస్సున పుట్టు ఆశలో మాత్రము చాల భేదమున్నది.

తరువాత వచ్చిన పరిశోధనలు ఏమనినవి? జపానులోనే దాదాపు 95 వేల మందిని 18 సంవత్సరములు గమనించిన మరియొక పెద్ద అధ్యయనము 2017 లో లింఫోమా, మైలోమాల లెక్కలు ప్రకటించినది. 411 మందికి లింఫోమా, 138 మందికి మైలోమా. గ్రీన్ టీతో సంబంధము తేలలేదు. చిత్రమేమనగా, కాఫీ త్రాగువారిలో లింఫోమా కొంత తక్కువగ కనబడినది! కాఫీ వర్తకులు ఇంకను చూడలేదు కాబోలు. 2019 లో జపానుదే వేరొక అధ్యయనము మరల గ్రీన్ టీ రక్షణ వైపే మ్రొగ్గినది. 2020 లో కాక్రేన్ సంస్థవారు గ్రీన్ టీ, కాన్సరులపై జరిగిన 142 పరిశోధనలను, సుమారు 11 లక్షల మంది లెక్కలను ఒకచోట కూర్చి పరిశీలించి, ఫలితములు ఒకదానితో ఒకటి పొసగుట లేదని తేల్చినారు. ఆ 142 లో ప్రయోగపూర్వకమైనవి 11 మాత్రమే. మిగిలిన 131 గమనించి వ్రాసినవి. ఇట్టి స్థితిలో "ఋజువు చేసినారు" అను మాట ఎట్లు వ్రాయగలిగినారో!

ఇంతవరకు చదివి, గ్రీన్ టీలో ఏమియు లేదని నేను చెప్పుచున్నానని అనుకొనవద్దు. ఉన్నది. ఆ ఉన్నదానిని చెప్పుటకు ఒక తెలుగువానిని తలచుకొనవలెను.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 లో భీమవరమున జన్మించినారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన, ఆయన సహచరులు ఫోలిక్ ఆమ్లముపై పని చేసినారు. రక్తకణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అదే పోలికగల నకిలీ పదార్థమును ఇచ్చినచో, అది అసలుదాని స్థానమున కూర్చుండి పని జరుగనీయదు; తాళములో తప్పు చెవి విరిగి ఇరుక్కొన్నట్లగును. అట్టి నకిలీలలో ఒకటి అమినోప్టెరిన్. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ల్యుకీమియా వచ్చిన పిల్లలకిచ్చి చూచినాడు. 16 మందిలో 10 మందికి గుణము కనబడినదని 1948 జూన్ లో ప్రకటించినాడు. తాత్కాలికమని కూడ అందే స్పష్టముగ చెప్పినాడు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసినారు. అమినోప్టెరిన్ కు తోబుట్టువైన మెతోట్రెక్సేటు నేటికిని పిల్లల ల్యుకీమియా చికిత్సలో వాడుకలో ఉన్నది.

ఈ మందులు అడ్డుకొను ఎంజైము పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజు. 2005 లో స్పెయిను, ఇంగ్లండు దేశముల శాస్త్రజ్ఞులు, గ్రీన్ టీలోని ఇ.జి.సి.జి. కూడ ఇదే ఎంజైమును అడ్డుకొనునని చూపినారు. భీమవరపు బిడ్డ చూపిన త్రోవలోనే మన స్టాఫ్ రూము కప్పు కూడ నడచుచున్నదని తెలిసి నాకు ఆ రాత్రి మిక్కిలి సంతోషము కలిగినది. కాని సంతోషము తర్కము కాదు. ఇ.జి.సి.జి. పట్టు మెతోట్రెక్సేటు పట్టుకంటె అనేకవేల రెట్లు బలహీనమైనది. పైగా మనము త్రాగినదానిలో చాల కొంచెమే రక్తములో చేరును. గాజు పళ్లెములలో పెంచిన కాన్సరు కణములను చంపుటకు పరిశోధకులు తరచుగ వాడు గాఢత, కప్పు టీ త్రాగినవాని రక్తములో ఉండు గాఢతకు పది రెట్లు, కొన్ని చోట్ల నూరు రెట్లు. పళ్లెములో చచ్చిన కణము శరీరములో చావవలెనని నియమము లేదు.

రోగులకిచ్చి చూచినవారును ఉన్నారు. అమెరికాలో మేయో క్లినిక్ వారు దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకీమియా తొలిదశలోనున్న 42 మందికి గ్రీన్ టీ సారమును గుళికలుగ రోజునకు రెండుసార్లు, సారి ఒక్కింటికి 2,000 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి, 2013 లో ఫలితము ప్రకటించినారు. 31 శాతము మందిలో రక్తములోని లింఫ్ కణములు ఐదవవంతు లేక అంతకు మించి తగ్గి, ఆ తగ్గుదల నిలిచినది. కొందరికి ఉబ్బిన గ్రంథులు చిన్నవైనవి. ఇది తీసివేయదగిన ఫలితము కాదు. అయితే పోల్చి చూచుటకు గుళికలు తీసుకొనని గుంపు దానిలో లేదు. వారు ఎక్కువ కాలము బ్రతికినారా అన్న ప్రశ్నకు సమాధానమును లేదు. సారపు గుళికలలో మరియొక చిక్కున్నది. రోజునకు 800 మిల్లీగ్రాములు లేక అంతకు మించి ఇ.జి.సి.జి. గుళికలుగ పుచ్చుకొన్నచో కాలేయము దెబ్బతిను సూచనలు రక్తపరీక్షలో కనబడవచ్చునని ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2018 లో హెచ్చరించినది.

ఇప్పుడు నా తప్పుకు వచ్చెదను.

కరపత్రము వ్యాధి రానివారికి చెప్పిన మాటను, వ్యాధి వచ్చిన ముసలమ్మ ఇంట పెట్టినారు. నివారణ వేరు, చికిత్స వేరు అని నాకు వెంటనే తట్టవలసినది. తట్టలేదు. రెండవ రాత్రి చదువులో 2009 నాటిదే మరియొక పత్రము కంటబడినది. బ్లడ్ అను వైద్యపత్రికలో లాస్ ఏంజిలిస్ శాస్త్రజ్ఞులు ప్రకటించినది. మల్టిపుల్ మైలోమాకు వాడు బోర్టిజోమిబ్ అను మందు పనిని గ్రీన్ టీ కాటెచిన్లు చెడగొట్టుచున్నవని వారు కణములలోను, ఎలుకలలోను చూచినారు.

దీని రసాయనము మన ప్రయోగశాలలోనిదే. బోరిక్ ఆమ్లము మిక్కిలి బలహీనమైనది. దానిని సోడియం హైడ్రాక్సైడుతో తిన్నగ అంశమాపనము చేసినచో అంత్యస్థానము స్పష్టముగ దొరకదు. కొంచెము గ్లిసరిను గాని మానిటాలు గాని కలిపి చూడుడు. ఆమ్లము బలపడి, ఫినాఫ్తలీను రంగు చక్కగ తిరుగును. కారణమేమి? గ్లిసరినులో ప్రక్కప్రక్కనే ఉన్న రెండు హైడ్రాక్సిల్ సమూహములు బోరాన్ పరమాణువును రెండు వ్రేళ్లతో పట్టుకొన్నట్లు పట్టుకొనును. బోర్టిజోమిబ్ లో పని చేయు అంగము బోరానే. మైలోమా కణము రాత్రింబవళ్లు మాంసకృత్తులను తయారుచేయు కణము. పనికిరాని మాంసకృత్తులను ముక్కలు చేసి ఎత్తివేయు ప్రోటియాజోమ్ అను యంత్రము లేనిదే అది బ్రతుకదు. బోర్టిజోమిబ్ తన బోరాన్ తో ఆ యంత్రమును పట్టి ఆపును. చెత్త పేరుకొని కణము చచ్చును. ఇ.జి.సి.జి. అణువు అంచులలో హైడ్రాక్సిల్ సమూహములు ప్రక్కప్రక్కన వరుసగ నున్నవి. అవి ముందుగనే బోరాన్ ను పట్టుకొన్నచో మందు యంత్రమును పట్టుట ఎట్లు? బోరాన్ లేని ఇతర మందులకు ఈ అడ్డంకి కలుగలేదని కూడ ఆ శాస్త్రజ్ఞులు చూపినారు. కథ అతికినట్లున్నది.

ఇక్కడను రెండవ పక్షము కలదు. 2011 లో ఎలుకలపైనే చేసిన మరియొక పరిశోధనలో, రక్తములో ఇ.జి.సి.జి. కొంత తక్కువ గాఢతలో ఉన్నప్పుడు మందునకు భంగము కలుగలేదు. మనుష్యులలో ఎంత టీ ఎంత చెరుపు చేయునో కొలిచి చెప్పినవారు లేరు. కాని తూకము చూడుడు. ఒక ప్రక్క నిశ్చయము కాని కొద్ది లాభము. అదియు వ్యాధి రానివారికి. మరియొక ప్రక్క, కుటుంబము అప్పు చేసి కొన్న మందు వట్టిపోవచ్చునను భయము. ఈ మందు తీసుకొను రోగులను గ్రీన్ టీ మానుమని వైద్యులు సాధారణముగ చెప్పుట ఇందుకే.

శంషాబాదునుండి బెంగుళూరు రహదారిన పోయిన కొత్తూరు వచ్చును. అక్కడ నాట్కో కంపెనీ ఔషధ కర్మాగారము కలదు. దీర్ఘకాలిక మయిలాయిడ్ ల్యుకీమియాకు వాడు ఇమాటినిబ్ ను 2003 లో ఆ కంపెనీ మన దేశమున తక్కువ ధరకు ప్రవేశపెట్టినది. బోర్టిజోమిబ్ కూడ దాని మందులలో నున్నది. రక్తపు కాన్సరు మందులు తయారగు ఊళ్ల నడుమ కాపురముండి, వాని పని తీరు మన తరగతులలో ఒక్కమారైనను చెప్పుకొనమేమి అని నాకు అనిపించినది. బోరిక్ ఆమ్లపు అంశమాపనము ఏటేటా చేయించుచునే ఉన్నాము.

కరపత్రము విడిచిన సంగతి ఇంకొకటి ఉన్నది. రక్తపు కాన్సరులకు కారణములని నిశ్చయముగ తెలిసినవి కొన్ని కలవు. 1945 లో హిరోషిమా, నాగసాకిలలో అణుబాంబుల పిమ్మట బ్రతికిబయటపడినవారిలో ల్యుకీమియా పెరుగుట, బెంజీను ఆవిరులలో పని చేయు కార్మికులకు మయిలాయిడ్ ల్యుకీమియా వచ్చుట, పొగాకు వలన అదే వ్యాధి అపాయము హెచ్చుట శాస్త్రమున స్థిరపడినవి. సిగరెట్టు పొగలోను బెంజీను కలదు. గ్రీన్ టీ అమ్మువాడు ఇవి వ్రాయడు. అతని దుకాణమున వీనికి ధర లేదు.

మూడవనాటి సాయంకాలము కాలేజీ వదలగనే ఆ విద్యార్థి వెంట వారి ఇంటికి పోతిని. నాయనమ్మ మంచముపై కూర్చుండి ఉన్నది. ఆమె ఆసుపత్రి కాగితములలో వ్యాధి పేరు మల్టిపుల్ మైలోమా అనియు, మందు పేరు బోర్టిజోమిబ్ అనియు ఉన్నవి. నేను వైద్యుడను కాను. మందు మాట చెప్పు అధికారము నాకు లేదు. "మొన్న నేను తొందరపడి త్రాగమంటిని, అది తప్పు. రాబోవు వారము పోయినప్పుడు ఈ పెట్టెను డాక్టరుగారికి చూపి అడుగుడు. అంతవరకు త్రాగవద్దు" అని చెప్పితిని. అప్పటివరకు ఆమె టీ సంగతి డాక్టరుతో అనలేదు. టీ కూడ చెప్పవలసిన సంగతియని ఎవరనుకొందురు? ఇంజక్షనులు ముగియువరకు గ్రీన్ టీ వద్దని డాక్టరు చెప్పినట్లు మరుసటి వారము విద్యార్థి వచ్చి చెప్పినాడు.

"నాయనమ్మ ఏమనినది?" అని అడిగితిని.

"సంబురపడ్డది సార్. ఆ వగరు నీళ్లు పీడ పోయినయన్నది."

పెట్టె ఇప్పుడు మా స్టాఫ్ రూములో ఉన్నది. కరపత్రమును మాత్రము నేను దాచుకొంటిని; ఈ యేడు బోరిక్ ఆమ్లపు ప్రయోగమునాడు తరగతిలో చదివించెదను.